విడదీసే చెయ్యి ఎవరిది?
కన్నెగంటి హనుమంతు స్మారకోపన్యాసం, నరసరావుపేట



1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు తూటాలకు పడిపోయిన మనిషి పేరు మీద మనం ఇక్కడ కూడాం. అడవిలో పశువులు మేపుకున్నందుకు సర్కారు పుల్లరి కట్టమంది. పల్నాడు రైతులు కట్టేది లేదన్నారు. పుల్లరి భారమే, అందులో సందేహం లేదు. అయితే ఆ గొడవ ఒక్క పైకంతో తేలేది కాదు. తాతల నాటి నుంచి మేం వాడుకుంటున్న, మేం కనిపెట్టుకుని ఉంటున్న అడవి మీద పెత్తనం ఎవరిదని ఆ రైతులు అడిగారు. నూరేళ్ళ తర్వాత మన పట్టణాల గురించి నేను అదే ప్రశ్న అడగదలిచాను. ఈ వీధి ఎవరిది? దీన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరికే చోటు మన ఇంటి చెత్త. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది. నరసరావుపేట కేంద్రమైంది. చిలకలూరిపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, వినుకొండ, మాచర్ల పురపాలక సంఘాలు. గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలు. నిన్నటిదాకా పల్లెల్లా బతికిన ఊళ్ళు పట్నాలయ్యాయి. చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 300 నుంచి 400 గ్రాముల చెత్త వస్తుందని అంచనా. లక్ష మంది ఉన్న ఊరంటే రోజూ ముప్పై, నలభై టన్నులు. పండగ, ఆదివారం, బంద్ ఏదీ దానికి అడ్డురాదు.

దీన్ని ఎవరు చూసుకోవాలో చట్టం చెప్పకపోలేదు. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం వల్ల 2000లో మొదటి నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2016 ఏప్రిల్ 8న ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చాయి. ఇంటివాళ్ళు చెత్తను మూడు రకాలుగా విడదీసి ఇవ్వాలని అవి చెప్పాయి: తడిది, పొడిది, ఇంట్లో పుట్టే ప్రమాదకరమైనది. వీధిలో పారేయకూడదు, తగలబెట్టకూడదు, కాలువలో వేయకూడదు. పురపాలక సంఘం ఇంటింటికీ వచ్చి, విడదీసిన దాన్ని విడిగానే తీసుకుపోవాలి. కంపెనీలు, ఫ్యాక్టరీలు, జిల్లా కలెక్టరు, రాష్ట్ర ప్రభుత్వం, కాలుష్య నియంత్రణ మండలి, ఎవరి పని వారికి రాసి ఉంది. కాగితం మీద ఖాళీ లేదు. ఇంత ఉన్నా మన ఊరి చివర డంపింగ్ యార్డు ఎందుకు పొగలు కక్కుతోంది?

నా ఉద్దేశం చెబుతాను. చెత్త ఒకసారి కలిసిందంటే దాన్ని విడదీయడం యంత్రానికి కష్టం, పైసలకు కష్టం, చివరికి ఆ పని ఒక మనిషి చేతి మీద పడుతుంది. ఆ చెయ్యి ఎప్పుడూ ఒకే వాడలోది. కాబట్టి ఎవరి బాధ్యత ఎంత అని తూచేటప్పుడు అన్నిటికంటే ముందు, ఎక్కడ కలుస్తోందో చూడాలి.

వంటింట్లో కలుస్తోంది. ఉల్లిపొట్టు, కరివేపాకు రెమ్మలు, నిన్న మిగిలిన పప్పు, ఖాళీ పాల పాకెట్లు, షాంపూ సాషేలు, పిల్లవాడి డైపరు, పగిలిన గ్లాసు, వాడేసిన ఇన్సులిన్ సూది. అన్నీ ఒకే నల్ల కవర్లో వేసి మూతి ముడేస్తాం. సాయంత్రానికి పప్పు నీళ్ళు అట్టపెట్టెలోకి దిగుతాయి. పొద్దున పాత సామాన్ల కొట్లో ధర పలకాల్సిన అట్ట మధ్యాహ్నానికి ఎవరూ ముట్టని మడ్డి అవుతుంది. కడిగి ఆరేసిన పాల పాకెట్లకు బేరం ఉంది, పులిసిన పాకెట్లకు లేదు. ఎరువు కావాల్సిన ఉల్లిపొట్టులో గాజుముక్క దూరితే అది ఎరువూ కాదు. విడివిడిగా ఉంటే పదార్థాలు, కలిసిన తర్వాతే అది చెత్త. కలిపింది మనం.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. అవగాహన సదస్సు పెట్టిన ప్రతిచోటా "ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పండి" అంటారు. మహిళా సంఘాల వాళ్ళను పిలిచి కూర్చోబెడతారు. మార్కెట్‌కు చేతి సంచి లేకుండా వెళ్ళి ఐదు కవర్లతో వచ్చేది ఎవరు? బిర్యానీ డబ్బాలు, బీరు సీసాలు, గుట్కా ప్యాకెట్లు ఇంటికి తెచ్చేది ఎవరు? వంటింటి చాకిరీకి ఇంకో చాకిరీ తగిలించి, దానికి బాధ్యత అని పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు. కొనేవాళ్ళు ఎందరో విడదీసేవాళ్ళూ అందరు కావాలి.

ఇక బండి సంగతి. 2021 అక్టోబరు 2న విజయవాడలో క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం మొదలైంది. క్లాప్ బండ్లు వచ్చాయి. ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు పంచారు. ఆ డబ్బాలు చాలా ఇళ్ళలో బియ్యానికీ, నీళ్ళకూ, విడిచిన బట్టలకూ ఉపయోగపడ్డాయి. జనానికి బుద్ధి లేదని అధికారులు విసుక్కున్నారు. నేను అలా అనుకోను. తడి వేరు, పొడి వేరు చేసి తెచ్చి ఇచ్చిన గృహిణి కళ్ళముందే రెండు డబ్బాలూ ఒకే తొట్టిలో పడితే, మర్నాడు ఆమె ఎందుకు విడదీస్తుంది? ఇంటికీ బండికీ మధ్య ఉన్నది ఒక ఒప్పందం. ఇంటివైపు నుంచి ఒకనాడు తప్పితే బండి మనిషి చెప్పి చూస్తాడు, రెండో రోజు ఆగి మళ్ళీ చెబుతాడు. బండివైపు నుంచి ఒక్కరోజు తప్పినా వీధి మొత్తం పాత దారికి పోతుంది. తిరిగి నమ్మించడానికి నెలలు పడుతుంది. కాబట్టి మొదటి చెయ్యి ఇంటిదే అయినా, ఆ చెయ్యి నిలబడేది పురపాలక సంఘం మాట మీద. బండిలో అడ్డుపలక ఉందా, యార్డులో రెండు గుంటలున్నాయా, తడిచెత్త రోజూ పోతోందా అన్నవి కౌన్సిలర్లను నిలదీసి అడగాల్సిన ప్రశ్నలు. వార్డులో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి ఒకరున్నారు. మన వీధికి ఆ కార్యదర్శి ఎవరో మనకు పేరుతో తెలిసి ఉండాలి.

పన్ను విషయానికి వస్తాను. పల్నాడులో పన్ను మాట ఎత్తితే పుల్లరి గుర్తుకు రాకుండా పోదు. క్లాప్‌తో పాటు ఇంటికి నెలకు 120 రూపాయల దాకా వినియోగ రుసుము వచ్చింది. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు, కోపంగా పెట్టారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో దాని రద్దు ప్రకటించారు. రద్దు అయినందుకు సంతోషించిన వాళ్ళను నేను తప్పుపట్టను. కానీ చెత్త ఎత్తడానికి అయ్యే ఖర్చు రద్దు కాలేదు కదా. అది ఇప్పుడు ఇంటి పన్నులోంచో, ఆర్థిక సంఘం గ్రాంట్లలోంచో వస్తోంది. 15వ ఆర్థిక సంఘం మన వంటి పట్టణాలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టిపెట్టింది. ఆ డబ్బు మన ఊళ్ళో దేనికి పోయిందో అడిగితే చెబుతారు. అడిగేవాళ్ళే తక్కువ.

చెత్త పన్నులో లోపం నా దృష్టిలో మరొకటి. విడదీసి ఇచ్చిన ఇంటికీ, ముడేసి విసిరిన ఇంటికీ ఒకటే రుసుము. అప్పుడు విడదీయడానికి కారణం ఏముంది? పుణెలో చెత్త ఏరుకునే స్త్రీలు సంఘం కట్టి, స్వచ్ఛ్ అనే సహకార సంస్థగా ఏర్పడి, 2008లో అక్కడి కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకున్నారు. రుసుము నేరుగా ఇంటికి వచ్చి చెత్త తీసుకునే మనిషి చేతిలోనే పెడతారు. ఎవరికి ఇస్తున్నారో తెలుసు, దేనికి ఇస్తున్నారో తెలుసు. పుల్లరికీ ధర్మమైన రుసుముకూ తేడా అక్కడే ఉందని నేను నమ్ముతున్నాను: కట్టినవాడికి తన డబ్బు చేసే పని కంటికి కనిపించాలి.

మీలో ఎవరైనా పొద్దున ఆరున్నరకు వీధి మొగలో నిలబడి చూశారా? బండి వెనక తొట్టి మీద ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. కవరు అందుకోగానే ముడి విప్పదు, అంత టైము లేదు. రెండు వేళ్ళు దూర్చి చించుతుంది. చించిన చోట నుంచి ప్లాస్టిక్ సీసాలు తీసి పక్కన గోతంలో వేస్తుంది, మిగతాది కాలితో తోస్తుంది. చేతికి గ్లవుజు ఉంటే అది ఎప్పుడో చిరిగిపోయింది. అలాంటి ఒకామె మా వీధిలో ఒకింటి గుమ్మం ముందు అన్న మాట ఇది: "అమ్మా, పగిలిన గాజు కాగితంలో చుట్టి విడిగా ఇయ్యండమ్మా, మీకు పుణ్యముంటది." ఆమె అరచేతిలో బొటనవేలి మొదట్లో పాత కోత గీత తెల్లగా ఉంది. అడగడానికి ఆమెకు హక్కుంది, విడదీసి ఇవ్వాల్సింది మనమేనని నిబంధనల్లో రాసి ఉంది. అయినా పుణ్యం పేరు చెప్పి అడుక్కోవాల్సి వస్తోంది.

2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా పురపాలక కార్మికులు సమ్మెకు దిగారు. జనవరి రెండో వారం దాకా సాగింది. ఆ రెండు వారాల్లో ఊళ్ళు ఎలా ఉన్నాయో మీరు చూశారు. అప్పట్లో పొరుగు సేవల కార్మికుడి జీతం 15,000, ఆరోగ్య భత్యం 6,000 రూపాయలు. సమాన పనికి సమాన వేతనమని వాళ్ళడిగితే, కుప్పల పక్కన ముక్కు మూసుకుని నడిచిన మనం వాళ్ళనే తిట్టుకున్నాం. ఈ పనిలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఏ కులాల వాళ్ళో ఈ సభలో అందరికీ తెలుసు. కోలారు బంగారు గనుల తెలుగు పాకీ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ మలం ఎత్తే పనికి అంతం పలకాలని జీవితమంతా పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. డైపరూ, శానిటరీ ప్యాడూ కాగితంలో చుట్టకుండా తడిచెత్తలో పడేస్తే మనం తిరిగి ఆ పనే ఒక మనిషి చేత చేయిస్తున్నాం. గట్టిగా అంటున్నానని మీకు అనిపించవచ్చు. గట్టిగానే అంటున్నాను.

బండి రాకముందే వీధుల్లో తిరిగి సీసాలు, అట్టలు, ఇనుము ఏరుకునేవాళ్ళున్నారు. వాళ్ళను దొంగల్లా చూసి కుక్కల్ని ఉసిగొలిపే ఇళ్ళు నేనెరుగుదును. 2016 నిబంధనలు వాళ్ళను గుర్తించి, గుర్తింపు కార్డులిచ్చి, ఈ పనిలో కలుపుకోమని పురపాలక సంఘాలకు చెప్పాయి. పాత సామాన్ల కొట్టు యజమాని, వాళ్ళు, మనం ఒక గొలుసు. ఊరి పొడిచెత్తలో అమ్ముడుపోయేది ఏదైనా ఉందంటే అది వాళ్ళ పుణ్యమే.

కంపెనీల వాటా చిన్నది కాదు. రూపాయి షాంపూ సాషేను ఏ పాత సామాన్ల కొట్టూ కొనదు. పొరలు పొరలుగా అతికిన ఆ రేకును మళ్ళీ వాడుకోవడం కష్టం. దాన్ని తయారుచేసినవాడు తిరిగి సేకరించే పూచీ పడాలని ప్లాస్టిక్ నిబంధనలు 2016లోనే అన్నాయి, 2022 ఫిబ్రవరిలో లెక్కలతో సహా బిగించాయి. ఆ పూచీ పెద్ద నగరాల్లో కాగితాల మీద తీరిపోతోంది. మాచర్ల కిళ్ళీ కొట్టు ముందు రాలిన సాషే కోసం ఏ కంపెనీ మనిషీ రాడు. ఇది ఇంటివాళ్ళ క్రమశిక్షణతో తీరేది కాదు, కలెక్టరు, కాలుష్య మండలి కలిసి అడగాల్సింది. ఇక క్యారీ బ్యాగులు: 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచనివి అమ్మకూడదు. కూరగాయల మార్కెట్లో చూడండి.

కృష్ణ దాటితే సూర్యాపేట. 2000ల తొలి ఏళ్ళలో ఆ ఊరు చెత్తకుండీలు లేని పట్టణంగా దేశమంతటా పేరు తెచ్చుకుంది. అప్పటి కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ ఇంటింటా తడి, పొడి విడిగా తీయించి, తడిదానితో వానపాముల ఎరువు చేయించి, పొడిది అమ్మించారు. కోట్ల రూపాయల యంత్రం ఏదీ లేదు. మన వాతావరణం, మన భాష, మన తిండి ఉన్న ఊరే. కాబట్టి పల్నాడులో కుదరదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక మంచి అధికారి బదిలీ అయితే ఊరు మళ్ళీ జారకుండా పట్టుకోవాల్సింది పౌరులు. ఆ మాట సూర్యాపేటకూ వర్తిస్తుంది, నరసరావుపేటకూ వర్తిస్తుంది.

మరి ఎడ్లపాడు మండలంలో, కొండవీడు పక్కన, చెత్తతో కరెంటు చేసే 15 మెగావాట్ల ప్లాంటు 2022లో మొదలైంది కదా, ఇంకా విడదీయడమెందుకు అని అడుగుతారు. కిలో నీటిని ఆవిరి చేయడానికే సుమారు 2,260 కిలోజౌళ్ళ వేడి కావాలి. మన చెత్తలో సగానికి సగం తడిదే. దాన్ని కొలిమిలో వేస్తే ముందు అరటితొక్కలోని నీళ్ళు కాగాలి, తర్వాతే మంట. కొలిమికి కావాల్సింది కూడా విడదీసిన పొడిచెత్తే. మనకు ఇంకో వసతి ఉంది. సున్నపురాయి నేల మనది. మాచర్లలో 1958 నుంచీ సిమెంటు తయారవుతోంది. సిమెంటు కొలిమి లోపల వేడి 1,450 డిగ్రీల దాకా వెళుతుంది. మళ్ళీ వాడటానికి పనికిరాని పొడిచెత్తను ఆరబెట్టి ఇంధనంగా మార్చే కేంద్రానికి 100 కిలోమీటర్ల లోపున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాన్నే వాడాలని 2016 నిబంధనలు చెప్పాయి. ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలున్న జిల్లాకు ఇది వరం. ఆ వరం అందుకోవాలంటే చెత్త పొడిగా ఉండాలి. దారి తిరిగి వంటింటి దగ్గరకే వస్తోంది.

తడిచెత్త మాత్రం ఊరు దాటి పోనక్కర్లేదు. ఒకప్పుడు ప్రతి ఇంటికీ పెంటదిబ్బ ఉండేది. పేడ, బూడిద, కూరల తొక్కులు, విస్తరాకులు అందులోకే పోయేవి. ఎండాకాలంలో బండ్లు కట్టి పొలాలకు తోలేవాళ్ళు. ఇప్పుడు మిరపకు, పత్తికి ఎకరాకు ఎన్ని బస్తాల ఎరువు పోస్తున్నారో మీ అందరికీ తెలుసు, నేలలో సత్తువ ఎలా పోతోందో తెలుసు. పట్టణాల ఎరువు రైతుకు చేరాలని కేంద్రం 2016లో టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. అయినా రైతు వెనకాడతాడు. మిరప చేలో చెప్పుల్లేకుండా నడిచే మనిషి, ఎరువులో ఒక గాజుముక్క మెరిస్తే రెండో ట్రాలీ తోలించుకోడు. ఆయన వెనకాడటం న్యాయం. రైతును ఈ పనిలో భాగస్వామి అని ఎవరూ రాయరు గాని, ఊరు సరిగ్గా విడదీసిందో లేదో తేల్చే పరీక్షకుడు ఆయనే.

వాగుల గురించి ఒక్క మాట. చంద్రవంక మాచర్లను ఒరుసుకుంటూ పోయి ఎత్తిపోతల దగ్గర దూకి కృష్ణలో కలుస్తుంది. మాచర్ల కాలువలో వేసిన కవరు వాన పడ్డ రోజున ఆ దారినే పోతుంది. జలపాతం చూడటానికి పిల్లల్ని తీసుకెళ్ళే మనకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

చివరగా విందులు, తిరునాళ్ళు. లైసెన్సు లేని చోట నూరుమందికి మించి జనం చేరే కార్యక్రమం చేస్తే, మూడు పనిదినాల ముందే పురపాలక సంఘానికి తెలియజేయాలని, చెత్త అక్కడికక్కడే విడదీసి అప్పగించే ఏర్పాటు చేసుకోవాలని 2016 నిబంధనలు చెప్పాయి.  మన ఊళ్ళలో ఈ సంగతి ఎవరికైనా తెలుసా? పెళ్ళి పత్రికకు, షామియానాకు, వీడియోకు నెల ముందే బయానా ఇస్తాం. ఆకులు ఎవరు ఎత్తుతారో వడ్డన అయ్యాక ఆలోచిస్తాం. అడ్డాకు విస్తరి, అరిటాకు ఉన్నప్పుడు ఎంగిలంతా పెంటదిబ్బలోకి, పశువులకు పోయేది. ఇప్పుడు ప్లాస్టిక్ పూత పేపరు ప్లేటు మీద సాంబారు, పక్కన సగం తాగిన నీళ్ళ సీసా. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కట్టుకుని వచ్చే ఊళ్ళు, ఒక్కో ప్రభ వెంట రెండు గోతాలు, ఇద్దరు కుర్రాళ్ళను కూడా తెచ్చుకుంటే చాలు. నెలల తరబడి ప్రభ కట్టగల ఊరికి ఇది పెద్ద పని కాదు.

కారంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవాల్లో చాపకూడు నేటికీ జరుగుతుంది. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని మన గర్వం. మాల కన్నమదాసును సేనాధిపతిని చేశాడని మన గర్వం. నిజమైన గర్వమే. కూడు కలిసి తిన్నాం. తిన్న తర్వాత ఆకులెత్తే పని మాత్రం నేటికీ ఒకే వాడ వాళ్ళకు వదిలేశాం. ఈ సంవత్సరం ఉత్సవ నిర్వాహకులకు నాదొక మనవి. పంక్తి చివర మూడు డబ్బాలు పెట్టించండి. ఎవరు తిన్న ఆకు వాళ్ళే మడిచి తడిడబ్బాలో వేసి చేతులు కడుక్కునేలా మైకులో చెప్పించండి. ఎమ్మెల్యే గారు తిన్నా అంతే, పీఠాధిపతి గారు తిన్నా అంతే. మిగిలిన ఆకుల కోసం వరుసకు నలుగురు కావాలి, అన్ని వాడల నుంచీ కావాలి. మొదటి పంక్తికి నా పేరు రాసుకోండి. కారంపూడి, దుర్గి, గురజాల కాలేజీ పిల్లల్లో ఇంకా ముగ్గురు నాతో వస్తామంటే ఈ సభ అయ్యాక బయట బల్ల దగ్గర పేర్లు ఇవ్వండి.